వరంగల్‌లో ఫ్యూషియా పెంచాలంటే క్యాలెండర్ తిరగేయాలి

ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్లినప్పుడు అక్కడి ఇళ్ల ముందు వేలాడే కుండీల్లోంచి బుట్టకమ్మల్లా కిందికి జారే ఫ్యూషియా పువ్వుల్ని చూసి, ఒక్క మొక్కైనా సంచిలో పెట్టుకోకుండా తిరుగు ప్రయాణం కాలేని వాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ అలాగే తెచ్చాను. హన్మకొండలో మా డాబా మీద పెట్టాను. జనవరిలో మొగ్గలతో వచ్చిన మొక్క ఫిబ్రవరి దాకా పూసింది, మార్చిలో మొగ్గలు రాల్చింది, ఏప్రిల్ మూడో వారానికి పుల్లయింది. మరుసటి ఏడు మళ్లీ తెచ్చాను, మళ్లీ అదే జరిగింది. అయినా వదలబుద్ధి కాలేదు, ఎందుకంటే మా పక్కింటి అవ్వ ఆ పువ్వుని మొదటిసారి చూసి "గిదేం పువ్వు బిడ్డా, జుంకీల లెక్క ఉన్నది" అని అరచేతి మీదికి ఆనించుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాతే ఈ మొక్క ఎక్కడ పుట్టింది, చల్లని దేశాల్లో దాన్ని ఎలా కాపాడుకుంటారు, వాళ్లు చేసేదాంట్లో మనకు పనికొచ్చేది ఏంటి అని కూర్చుని చదివాను. మూడో మొక్క ఇప్పటికి రెండు ఎండాకాలాలు దాటింది.

ఒక మాట ముందే చెప్తాను. ఇది మందారంలా పెట్టి మర్చిపోయే మొక్క కాదు. అక్టోబరు నుంచి మార్చి దాకా పెద్ద కష్టం లేదు, ఎవరైనా పెంచొచ్చు. ఏప్రిల్, మే నెలలే అసలు సమస్య. ఆ రెండు నెలలు చూసుకునే ఓపిక లేకపోతే చామంతిలా సీజన్ మొక్క అనుకుని పెంచుకోండి, ఎండాకాలం వస్తే వదిలేయండి, అందులో తప్పేమీ లేదు.

ఈ మొక్క పుట్టిల్లు ఎక్కడ

ఫ్యూషియాలో 100కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం మధ్య, దక్షిణ అమెరికా కొండల మీద పుట్టినవి, కొన్ని న్యూజిలాండ్‌వి. షార్ల్ ప్లుమియే అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో ఒక జాతిని చూసి, 1703లో వచ్చిన తన పుస్తకంలో వర్ణించాడు. అంతకు 100 ఏళ్లకు పైగా ముందే, 1566లో చనిపోయిన లియొన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మన్ వైద్యుడి పేరు దానికి పెట్టాడు. మన బట్టల షాపుల్లో రాణి రంగు అంటామే, ఆ రంగుకి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ పువ్వు నుంచి వచ్చిందే.

ఆ కొండ అడవుల్లో ఎప్పుడూ మబ్బు, సన్నటి తుంపర ఉంటాయి, కింద ఆకులు కుళ్లిన వదులైన మట్టి, పైన పెద్ద చెట్ల నీడ. ఫ్యూషియా వేరు, ఆకు, పువ్వు అన్నీ దానికి అలవాటు పడినవే. అందుకే 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 30 దాటి రోజుల తరబడి సాగితే మొగ్గలు రాల్చడం మొదలుపెడుతుంది. వరంగల్‌లో దీపావళి నుంచి శివరాత్రి దాకా పగలు 30 అటూ ఇటూ, రాత్రి 15 అటూ ఇటూ ఉంటుంది కాబట్టి నీడలో పెడితే ఆ నాలుగు నెలలూ దానికి ఊటీయే. మేలో 43, 44 డిగ్రీలు, రాత్రి కూడా 30కి దగ్గరగా ఉండే వేడి మాత్రం అది తన జన్మలో చూడనిది. పగటి వేడి కన్నా రాత్రి చల్లబడకపోవడమే దీన్ని ఎక్కువగా దెబ్బ తీస్తుంది.

ఏ రకం తెచ్చుకోవాలి

సగం గెలుపు ఇక్కడే ఉంది కాబట్టి ఇది కాస్త నిదానంగా చదవండి.

ఇంగ్లండ్ లాంటి చోట్ల తోటమాలులు ఫ్యూషియాల్ని రెండు గుంపులుగా చూస్తారు. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా నేలలో బతికేవి ఒక గుంపు, ఆ చలికి నల్లబడి చచ్చేవి రెండో గుంపు. మొదటి గుంపుకి మూలం ఎక్కువగా మెగల్లానికా అనే జాతి, అది దక్షిణ అమెరికా చిట్టచివరి చల్లటి కొసలో పుట్టింది. రెండో గుంపులో అందరికన్నా సున్నితమైనవి ట్రిఫిల్లా రకాలు, ప్లుమియే ఆ కరీబియన్ దీవిలో చూసింది ఆ జాతినే. చలికి ముందుగా పోయేది అదే అని అక్కడ దానికి చెడ్డపేరు. మనకి కావలసింది సరిగ్గా అదే! వెచ్చటి దీవిలో పుట్టింది కాబట్టి మిగతా ఫ్యూషియాల కన్నా వేడిని బాగా ఓర్చుకుంటుంది, కాస్త ఎక్కువ వెలుగు కూడా తట్టుకుంటుంది.

గుర్తుపట్టడం తేలిక. మామూలు ఫ్యూషియా పువ్వు బుట్టకమ్మలా ఉంటుంది, పైన విచ్చుకున్న నాలుగు రేకలు, లోపల వేరే రంగులో చిన్న గంట, దాంట్లోంచి వేలాడే పొడవాటి కేసరాలు. ట్రిఫిల్లా పువ్వు అలా కాదు, సన్నటి పొడవాటి గొట్టంలా నారింజ ఎరుపులో, కొమ్మ చివర గుత్తిగా వస్తుంది. ఆకు ముదురు రంగులో మెత్తగా ఉంటుంది, వెనక్కి తిప్పి చూస్తే వంకాయ రంగు కనపడుతుంది, చాలాచోట్ల ఆకులు మూడేసి కలిసి ఒకే కణుపు దగ్గర వస్తాయి. పేర్లు తెలిసిన నర్సరీ అయితే గార్టెన్‌మైస్టర్ బోన్‌స్టెట్ అనో థాలియా అనో అడగండి. పేర్లు తెలియని చోట "పొడుగు గొట్టం పువ్వుది" అంటే తీసి ఇస్తారు.

పెద్ద పెద్ద ముద్ద పువ్వులు, గౌను కుచ్చిళ్లలా ఉండేవి, చూడ్డానికి అందరికన్నా అందంగా ఉంటాయి. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు, వేడి తగిలితే ముందు చేతులెత్తేసేవి అవే. బుట్టకమ్మ పువ్వే కావాలి అనుకుంటే రేకలు తక్కువగా ఉండే ఒంటి రకం, చిన్న పువ్వుది తీసుకోండి.

ఊటీ, కొడైకెనాల్ నర్సరీల్లో సులభంగా దొరుకుతుంది. చలికాలంలో హైదరాబాద్‌లో జరిగే నర్సరీ మేళాల్లోనూ కళ్లు తెరిచి వెతకండి. ఎక్కడ కొన్నా పూలు నిండుగా ఉన్న మొక్క కన్నా కింద నుంచి నాలుగైదు కొమ్మలు వేసి పూలు తక్కువగా ఉన్న చిన్న మొక్కే ప్రయాణాన్ని తట్టుకుంటుంది. ఇంటికి తెచ్చాక పది రోజులు దాన్ని కదపొద్దు, కుండీ మార్చొద్దు, నీడలో ఉంచి ఆకులు తేరుకునేదాకా ఆగండి.

కుండీ, మట్టి

నేలలో నాటడం మన దగ్గర దండగ, ఎండాకాలం వచ్చేసరికి మొక్కని చల్లని చోటుకి మోసుకెళ్లాలి కాబట్టి కుండీయే కావాలి. కుమ్మరి చేసిన మట్టి కుండీ, 8 నుంచి 10 అంగుళాలది, అంతకన్నా పెద్దది వద్దు. మట్టి కుండీ గోడల్లోంచి తడి ఆరుతూ ఉంటుంది, ఆ ఆరే క్రమంలోనే లోపల వేరు చల్లగా ఉంటుంది, మన రంజన్‌లో నీళ్లు చల్లబడ్డట్టే. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకి కాలి వేర్లని ఉడకబెట్టేస్తుంది.

మట్టి మిశ్రమం నేను వాడేది ఇది: కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి. నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా వేయొద్దు, తడిస్తే బంకలా బిగుసుకుని వేరుకి గాలి ఆడనివ్వదు. కొబ్బరి పొట్టు ఇటుకలో ఉప్పు ఉంటుంది, బకెట్ నీళ్లలో నానబెట్టి పిండి పారబోసి, అలా రెండు మూడుసార్లు చేశాకే వాడండి. ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత ఆకు అంచులు మాడుతున్నాయని కంగారు పడతారు.

నీళ్ల దగ్గరే మొక్క చచ్చేది

నా మొదటి రెండు మొక్కల్ని ఎండ చంపిందని అప్పట్లో అనుకున్నాను. నిజానికి నీళ్లు చంపాయి. ఎలాగంటే, మార్చిలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే ఆకులన్నీ వాలిపోయి కనపడేవి, అయ్యో దాహమేసిందని చెంబెడు పోసేదాన్ని, సాయంత్రానికి లేచేది, మర్నాడు మళ్లీ అదే. వారం తిరిగేసరికి సాయంత్రం కూడా లేవడం మానేసింది. తీసి చూస్తే వేర్లు గోధుమ రంగులో, వేలితో లాగితే తొక్క ఊడి వచ్చేలా కుళ్లిపోయి ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, వేడి ఎక్కువైనప్పుడు ఫ్యూషియా ఆకు నీటిని వదిలేంత వేగంగా వేరు అందించలేదు, మట్టిలో ఎంత తడి ఉన్నా సరే ఆకు వాలుతుంది. అప్పుడు మనం పోసే నీళ్లు వేరుకి గాలి లేకుండా చేస్తాయి. గాలి లేక వేరు కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి ఆకు ఇంకా వాలుతుంది, మనం ఇంకా పోస్తాం.

కాబట్టి ఆకు వాలితే చెంబు పట్టుకోకముందు వేలు పెట్టి చూడండి. అంగుళం లోపల మట్టి పొడిగా ఉంటే నిండా పోయండి, కింద చిల్లులోంచి కారేదాకా. తడిగా ఉంటే చుక్క కూడా పోయొద్దు, కుండీని నీడకి, చల్లగా గాలి ఆడే చోటుకి జరపండి, ఆకుల మీద, చుట్టూ నేల మీద నీళ్లు చిలకరించండి, సాయంత్రానికి దానంతట అదే లేస్తుంది. కుండీ కింద పళ్లెం పెడితే అందులో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయాలి.

బోరు నీళ్లు చాలా కాలనీల్లో ఉప్పగా, గట్టిగా ఉంటాయి, కుండీ గోడల మీద తెల్లటి చార చూస్తే మీకే తెలుస్తుంది. కుళాయి నీళ్లు వస్తే అవి పట్టి వాడండి. వానాకాలంలో డాబా నుంచి దిగే వాన నీళ్లు రెండు డ్రమ్ముల్లో మూతపెట్టి దాచుకుంటే ఇంకా మంచిది. బోరు తప్ప వేరే దారి లేకపోతే నెలకోసారి కుండీలోంచి నీళ్లు ధారగా కారిపోయేలా పోసి ఉప్పు కడిగేయండి.

వెలుగు, ఒక చిన్న బల్బు

పొద్దున తొమ్మిది లోపు వచ్చే ఎండ పడనివ్వండి, ఆ తర్వాత నీడ. తూర్పు వైపు వసారా అన్నిటికన్నా మంచి చోటు. డాబా మీదే పెట్టాలంటే ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద, స్లాబుకి ఆనకుండా రెండు ఇటుకల మీద కుండీ పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యూషియాల్లో చాలా రకాలకి మొగ్గ తొడగాలంటే పగలు 12 గంటలకు మించి ఉండాలి. ఈ తోట రకాల్ని తయారుచేసిన చల్లని దేశాల్లో ఎండాకాలం పగలు 15, 16 గంటలు ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ గొడవే లేదు. మన దగ్గర చల్లగా ఉండే డిసెంబరులో పగలు దాదాపు 11 గంటలే. అంటే వేడి తగ్గిన కాలంలో వెలుగు చాలదు, వెలుగు పెరిగే కాలంలో వేడి ఎక్కువ. డిసెంబరులో పచ్చగా గుబురుగా పెరిగి ఒక్క మొగ్గా వేయని మొక్కని చూసి ఎరువు తక్కువైందేమో అని బాధపడకండి, దానికి కావలసింది వెలుగు.

ఉపాయం చిన్నదే. చామంతి రైతులు కొన్నిచోట్ల రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు, చామంతి త్వరగా పూయకుండా ఆపడానికి. అదే వెలుగు ఫ్యూషియాకి ఉల్టాగా పనిచేస్తుంది, పూత తెస్తుంది. మొక్కకి రెండు మూడు అడుగుల పైన మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, సాయంత్రం చీకటి పడ్డాక ఆరు నుంచి పది దాకా, నవంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా. రోజూ ఒకే టైముకి వెలగాలి, అందుకే టైమర్ ప్లగ్గు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. వసారాలో ఎలాగూ లైటు వేస్తాం కదా, మొక్కని ఆ లైటు కిందికి జరిపినా చాలు. ట్రిఫిల్లా రకాలకి ఈ పట్టింపు తక్కువ, బల్బు లేకపోయినా చలికాలంలో పూస్తాయి. వాటినే తెచ్చుకోమని చెప్పడానికి ఇది రెండో కారణం.

చిగురు గిల్లడం

ఫ్యూషియా పువ్వులు కొత్త కొమ్మ చివరల్లో వస్తాయి. ఎన్ని చివరలుంటే అన్ని పువ్వులు. పత్తి తలలు తుంచిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొమ్మ మూడు జతల ఆకులు వేశాక కొన చిగురుని గోటితో గిల్లేయండి, ఆ కింది కణుపుల నుంచి రెండేసి కొమ్మలు వస్తాయి. అవి మళ్లీ రెండు మూడు జతలు వేశాక మళ్లీ గిల్లండి. ఒక కొమ్మ రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతాయి. దసరాకి మొదలుపెడితే నవంబరుకల్లా కుండీ అంచులు కనపడనంత గుబురవుతుంది.

ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఆఖరిసారి గిల్లినప్పటి నుంచి ఒంటి పువ్వు రకానికి దాదాపు 8 వారాలు, ముద్ద రకానికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. సంక్రాంతికి వాకిట్లో పువ్వు ఉండాలంటే నవంబరు రెండో వారం తర్వాత చిగురు ముట్టుకోవద్దు. ట్రిఫిల్లాని రెండుసార్లకు మించి గిల్లకండి, అది నిదానంగా పెరుగుతుంది, గుత్తి కొమ్మ చివరే రావాలి కాబట్టి ఆలస్యంగా గిల్లితే ఆ గుత్తిని మనమే తీసేసినట్టు.

పువ్వు వాడాక కింద చిన్న కాయ మిగులుతుంది, ముదిరితే నల్లగా నేరేడు పండు రంగుకి వస్తుంది. దాన్ని పువ్వుతో పాటే తీసేయండి, కాయ పండించే పనిలో పడితే మొక్క కొత్త మొగ్గ వేయదు. ఆ పండు తినొచ్చు, కొన్ని దేశాల్లో జామ్ కూడా చేస్తారు, కానీ నర్సరీలో ఏ మందు కొట్టారో తెలియని మొక్కది మాత్రం పిల్లల్ని తిననివ్వకండి. ఒకటి రెండు పువ్వులు పొద్దున పూట తేనెపిట్టల కోసం అలా వదిలేయండి. పుట్టినచోట హమ్మింగ్‌బర్డ్‌లు చేసే పని ఇక్కడ అవి చేస్తాయి. పువ్వుకి వేలాడుతూ తలకిందులుగా తాగడం చూస్తే పడ్డ కష్టమంతా మర్చిపోతాం.

ఎరువు, పురుగు

పెరిగే నెలల్లో వారానికోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లకి ఒక గ్రాము, మొగ్గలు కనపడ్డాక అదే కొలతలో 13:0:45 (పొటాష్ ఎక్కువగా ఉండేది). రెండూ ఎరువుల షాపులో దొరుకుతాయి. పొడి మట్టిలో ఎరువు నీళ్లు పోయొద్దు, ముందు మామూలు నీళ్లు పోసి తర్వాత పోయండి. మొక్క వాలి ఉన్నప్పుడు అసలు వద్దు.

తెల్లదోమ దీనికి పెద్ద శత్రువు. ఆకు వెనక తెల్లటి పొడిలా కనపడి, కదిపితే ఎగురుతుంది. పసుపు రంగు జిగురు అట్టలు రెండు వేలాడదీస్తే మొదట్లోనే తెలిసిపోతుంది. ఫిబ్రవరి ఎండ మొదలవగానే ఎర్రనల్లి వస్తుంది, ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, వెనక బూజు దారాలు కనపడతాయి. మిర్చి పండించే ఇళ్లలో దీన్ని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. పొడి గాలిలోనే నల్లి పెరుగుతుంది కాబట్టి పొద్దునే ఆకుల వెనక వైపు నీళ్లు గట్టిగా చల్లడమే మొదటి మందు. తగ్గకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం ఎండ పూర్తిగా దిగాకే కొట్టండి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి, ఫ్యూషియా ఆకు పలచన, నూనె ఎక్కువైతే మాడుతుంది.

కొమ్మ ముక్కలతో పిల్ల మొక్కలు

ఇది తప్పనిసరి, సరదా పని కాదు. తల్లి మొక్క ఎండాకాలంలో పోయినా రకం మీ చేతిలో మిగలాలంటే డిసెంబరు, జనవరిలో నాలుగైదు పిల్లలు తీసి పెట్టుకోవాలి. మొగ్గ లేని లేత కొమ్మ చివర మూడు అంగుళాల ముక్క, కణుపుకి కిందుగా శుభ్రమైన బ్లేడుతో కోయండి. కింది ఆకులు తీసేసి పైన రెండు జతలు ఉంచండి. కడిగిన కొబ్బరి పొట్టు, ఇసుక సగం సగం కలిపి, తడిపి, చేతిలో పిండితే చుక్క కారనంత తడిలో, టీ గ్లాసంత కప్పుల్లో గుచ్చండి. అడుగు కోసేసిన నీళ్ల సీసా పైన బోర్లించి, మూత తీసి ఉంచండి. నీడలో మూడు వారాల్లో వేరు పడుతుంది, పైన కొత్త చిగురు వస్తే పడ్డట్టే. వేర్ల పొడి మందు లేకపోయినా పరవాలేదు, ఇది అంత సులభంగా వేరుపోసుకునే మొక్క. పిల్లలన్నీ ఒకే ఇంట్లో పెట్టుకోకండి, చుట్టాలకో మిత్రులకో తలా ఒకటి ఇవ్వండి. మా దగ్గర ఒక ఏడు పోయిన రకం మా వదిన వాళ్లింటి నుంచే తిరిగొచ్చింది.

చల్లని దేశంలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకి

ఇప్పుడు ప్రతి కాలనీలో ఆరు నెలలకని కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లే అమ్మానాన్నలు ఉన్నారు. ఇంగ్లండ్, ఐర్లాండ్ లాంటి చోట వెనక పెరడు ఉంటే అక్కడ ఫ్యూషియా పెట్టండి, ఆ వాతావరణంలో అది ఎంత సంతోషంగా పెరుగుతుందో చూడాల్సిందే. ఐర్లాండ్ పడమటి తీరంలో రోడ్ల పక్కన కంచెల్లా పెరిగి ఎర్రగా వేలాడుతుంది, ఐరిష్ భాషలో దాన్ని దేవుడి కన్నీళ్లు అంటారు.

అక్కడి లెక్క వేరు. లేబుల్ మీద చలికి ఆగుతుందని రాసి ఉన్న రకమైతే నేలలో నాటొచ్చు. నాటేటప్పుడు కుండీలో ఉన్నదానికన్నా రెండు అంగుళాలు లోతుగా నాటాలి, పైన కొమ్మలన్నీ చలికి పోయినా మట్టి లోపల ఉన్న కణుపుల నుంచి మళ్లీ వస్తుంది. పూత అయిపోయిందని శీతాకాలం ముందు కొమ్మలు కత్తిరించొద్దు, ఎండిన ఆ పుల్లలే మొదలుకి కాపలా. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పి, వసంతంలో కింద కొత్త చిగుళ్లు కనపడ్డాక అప్పుడు పాత పుల్లలు తీయాలి.

చలికి ఆగని సున్నిత రకాలు, ట్రిఫిల్లాతో సహా, కుండీలోనే ఉండాలి. మే మొదట్లో వెచ్చగా ఉందని మోసపోయి బయట పెట్టొద్దు, ఒక్క రాత్రి నీళ్లు గడ్డకడితే ఆకు కణాల్లో నీరు కూడా గడ్డకట్టి, కణం పగిలి, తెల్లారేసరికి మొక్క నల్లగా ఉడికిన పాలకూరలా ఉంటుంది. వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేసి, మే చివర్లో పూర్తిగా బయట పెట్టాలి. అక్టోబరులో మళ్లీ లోపలికి. కొమ్మల్ని మూడో వంతు తగ్గించి, ఎరువు మానేసి, 5 డిగ్రీలకి తగ్గకుండా ఉండే గ్యారేజీలోనో షెడ్డులోనో నిద్రపుచ్చుతారు. నీళ్లు మట్టి పూర్తిగా ఎండిపోకుండా చూసేంతే. ఫిబ్రవరి, మార్చిలో వెలుగులోకి తెచ్చి నీళ్లు పెంచి లేపుతారు.

మన ఉత్తర తెలంగాణలోనూ ఆదిలాబాద్ వైపు జనవరి రాత్రుల్లో 5, 6 డిగ్రీలు పడే రోజులున్నాయి, అక్కడివాళ్లు ఆ నాలుగు రాత్రులు కుండీని కప్పు కిందికి తెచ్చుకుంటే చాలు. మిగతా మనందరికీ కావలసింది ఆ నిద్రపుచ్చే పద్ధతే, కాకపోతే వాళ్లు చలికి చేసేది మనం ఎండకి చేయాలి.

శివరాత్రి నుంచి మృగశిర దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, అదే మనకి గంట కొట్టినట్టు. ఆ వారంలోనే మొక్కని డాబా మీద నుంచి కిందికి దించేయండి. ఉత్తరం వైపు గోడ పక్క, మామిడి చెట్టు కింద, బావి గట్టు దగ్గర, రోజూ నీళ్లు పడి నేల తడిగా ఉండే చోటు ఏదైనా సరే. కుండీకి బయట సున్నం పూయండి, తెలుపు వేడిని పట్టనివ్వదు.

ఉగాదికి, పువ్వులున్నా సరే మనసు గట్టి చేసుకుని కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. ఆకు తగ్గితే మొక్క బయటికి వదిలే నీరు తగ్గుతుంది. ఎరువు పూర్తిగా బంద్. ఇక ఇప్పటి నుంచి మొక్క పూయాలని గానీ పెరగాలని గానీ ఆశపడొద్దు, కొమ్మలో పచ్చదనం ఉంటే చాలు.

ఏప్రిల్ మధ్య నుంచి కుండీలో కుండీ పద్ధతి. ఈ మట్టి కుండీని అంతకన్నా పెద్ద మట్టి కుండీలో పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి, ఆ ఇసుకని రోజుకి రెండుసార్లు తడపండి. లోపలి కుండీకి నీళ్లు వేలు పెట్టి చూశాకే. తడి ఇసుక ఆరుతూ వేరుని చుట్టూ గాలి కన్నా చాలా చల్లగా ఉంచుతుంది.

మేలో మా ఇంట్లో ఇంకో పని చేస్తాం. మధ్యాహ్నం కూలర్ నడిచే గదిలో, తూర్పు కిటికీ పక్కన మొక్కని పెడతాం. కూలర్ గాలి చల్లగానే కాదు, తడిగా కూడా ఉంటుంది, ఫ్యూషియాకి రెండూ కావాలి. ఏసీ గది వద్దు, ఆ గాలి పొడిది, ఆకు అంచులు కరకరలాడిపోతాయి. కూలర్‌కి ఎదురుగా కూడా వద్దు, పక్కగా. రాత్రి కరెంటు పోతే లోపల ఉక్క పోస్తుంది కాబట్టి పడుకునే ముందు మొక్కని బయట తడి నేల మీద పెట్టి తెల్లారాక లోపలికి తెస్తాం. గాలిదుమారం వచ్చే సాయంత్రాలు మాత్రం లోపలే.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఆకులన్నీ రాలిపోయినా కంగారు పడి పారేయకండి. గోటితో కొమ్మ తొక్కని కొద్దిగా గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే బతికి ఉన్నట్టే, గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కింద గీకండి, మొదలు దగ్గర పచ్చగా ఉన్నా చాలు. ఆకు లేని మొక్కకి నీళ్లు చాలా తక్కువ కావాలి, రెండు మూడు రోజులకి అర గ్లాసు. ఈ దశలో జాలిపడి నిండా పోస్తే కుళ్లుతుంది.

మృగశిర చిందించి, నాలుగు వానలు పడి నేల వేడి దిగాక గీకిన పచ్చదనం పైన చిన్న ఎర్రటి మొనలు కనపడతాయి. అప్పుడు ఎండిన భాగమంతా ఆ మొనలకి అర అంగుళం పైకి కత్తిరించేసి, కుండీలోంచి తీసి, పాత మట్టిలో సగం దులిపి కొత్త మిశ్రమంలో నాటండి. వానలో తడవనివ్వొద్దు, చూరు కింద గాలి ఆడే చోట ఉంచండి. రెండు జతల కొత్త ఆకులు విచ్చాక 19:19:19 సగం మోతాదుతో మొదలుపెట్టండి. కొమ్మ మూడు జతలు వేసేసరికి బోనాలు అయిపోయి ఉంటాయి, మొదటి చిగురు అప్పుడు గిల్లండి.